పడిన చెట్టు చచ్చిన పాము కాదు: చైన్‌సా పనిలో అపోహలు - వాస్తవాలు

ఈదురుగాలి వీచిన మర్నాడు తెల్లవారకముందే నా ఫోను మోగుతుంది. "మామిడి చెట్టు ప్రహరీ మీద పడిందండీ. పడనే పడింది కదా, ముక్కలు చేయడమే. ఒక కుర్రాడిని, ఒక మిషనును పంపండి, చాలు" అంటారు. నిలబడిన చెట్టును కొట్టాలంటే నలుగురిని పిలిచి, తాళ్లు కట్టించి, పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టే మనుషులే, పడిన చెట్టు దగ్గరికి వచ్చేసరికి అద్దెకు తెచ్చిన చైన్‌సాతో (మోటారుతో తిరిగే గొలుసు రంపంతో) తామే దిగిపోతారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. నా కళ్లముందు తగిలిన పెద్ద దెబ్బల్లో ఎక్కువ భాగం నేలమీద పడి ఉన్న చెట్ల దగ్గర తగిలినవే.

అపోహ: చెట్టు పడిపోయాక ఇక ప్రమాదం లేదు.

వాస్తవం: నిలబడిన చెట్టు బరువు ఎటు మొగ్గిందో కంటికి కనిపిస్తుంది. పడిన చెట్టులో బరువు దాక్కుంటుంది. మాను ఒక కొస గోడ మీద, ఇంకో కొస నేలలో దిగబడిన కొమ్మ మీద ఆని, నడుమ భాగం గాలిలో వేలాడుతోందనుకోండి. అప్పుడు మాను పైవైపు నొక్కుకుపోయి ఉంటుంది, అడుగువైపు సాగి ఉంటుంది. అదే ఒక కొస మాత్రమే ఆని, రెండో కొస గాలిలో ఉంటే లెక్క తలకిందులు: పైవైపు సాగుడు, అడుగువైపు నొక్కుడు. మా కుర్రాళ్లకు నేను మిషను చేతికివ్వకముందు వారం రోజులు నేర్పేది ఇదే. ఏ దుంగ దగ్గరికి వెళ్లినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: నొక్కుడు ఎటు, సాగుడు ఎటు?

ముందు నొక్కుడు వైపు నుంచి మూడో వంతు దాకా కోయాలి. తరువాత సాగుడు వైపు నుంచి, ఆగి ఆగి, మిగిలినది కోయాలి. మొదటి కోతలో కళ్లు చైను మీద కాదు, గాటు మీద ఉండాలి. గాటు నోరు గోరు మందమంత మూసుకోవడం మొదలైందంటే మాను బారును (చైను చుట్టూ తిరిగే పొడవాటి రేకును) పట్టేయబోతోందని అర్థం, వెంటనే బయటికి తీయాలి. రెండో కోతలో గాటు నెమ్మదిగా తెరుచుకుంటుంది, లోపల పీచు తెగుతూ చిటుకు చిటుకుమని వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నవాడు తొందరపడకూడదు. ఈ క్రమం తెలియక సాగుడు వైపు నుంచే ఒక్క ఊపున కోసేస్తే మాను నిలువునా చీలి ఎగిరి తగులుతుంది. విల్లులా పక్కకు వంగి ఇరుక్కున్న మాను ఇంకా మోసకారి. దాని వంపు లోపలివైపు నిలబడి కోయాలి. ఉబ్బెత్తు వైపు నిలబడితే, తెగిన క్షణంలో అది మీ మీదికే వస్తుంది. వేలిమందం కొమ్మ ఇలా వంగి ఉన్నా ముఖం పగలగొట్టగలదు.

వేళ్లతో సహా లేచిన చెట్టు గురించి విడిగా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. తరువాత కొన్ని వారాలు మాకు రాత్రీ పగలూ తెలియలేదు. ఒక ఇంటి ఆవరణలో పెద్ద తురాయి చెట్టు వేళ్లతో సహా ఒరిగింది. నిలువెత్తు మట్టిపెళ్ల గోడలా లేచి ఉంది, దాని వెనుక గుంత. ఇంటాయన ఆ గుంతలో దిగి, తెగిన మంచినీటి పైపు కోసం గడ్డపలుగుతో తవ్వుతున్నాడు. "మిషను ఆపి ఉన్నంతసేపూ తవ్వుకుంటాను, మీ పని మీరు చేసుకోండి" అన్నాడు. ఆయనను బయటికి రమ్మని మా మేస్త్రీ గట్టిగా అరిచాడు. ఆయనకు కోపం వచ్చింది, పలుగు అక్కడే వదిలేసి విసుక్కుంటూ వచ్చాడు. మొదలుకు నాలుగడుగుల దూరంలో నేను కోత ముగించాను. మాను బరువు పోయిందో లేదో, ఆ మట్టిపెళ్ల మొదలుతో సహా వెనక్కి తిరిగి, ధబ్బున గుంతలో కూర్చుంది. ఏమీ జరగనట్టు మొద్దు నిటారుగా నిలబడింది. పలుగు మట్టి కింద ఎక్కడుందో కూడా తెలియలేదు. ఇంటాయన మెట్ల మీద కూర్చుండిపోయాడు, చాలాసేపు మాట్లాడలేదు.

అందుకే గుంతలోకి, మట్టిపెళ్ల వెనక్కి ఎవరినీ వెళ్లనివ్వను. మొదలును తాడుతోనో గొలుసుతోనో బిగించి కట్టకుండా మానును దాని నుంచి విడదీయను. పడిన చెట్టు పిల్లలకు ఆటస్థలంలా కనిపిస్తుంది, గుంతలోకి దూకి ఆడతారు. తల్లిదండ్రులారా, చెట్టు పూర్తిగా తొలగించేదాకా వాళ్లను అటు పోనివ్వకండి.

అపోహ: చేతుల్లో బలం ఉంటే మిషను తన్నదు. తన్నినా చైనును ఆపే బ్రేకు ఉంది.

వాస్తవం: బారు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే చైను అక్కడ పట్టుకుని, మిషను మొత్తం వెనక్కి, మీ మెడవైపు లేస్తుంది. పూర్తి వేగంలో చైను సెకనుకు 20 మీటర్లకు పైగా కూడా పరుగెడుతుంది. మీరు "అయ్యో" అనేలోపే అయిపోతుంది, అక్కడ కండబలం లెక్కలోకి రాదు. పడిన చెట్టు గుబురులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మీరు కోస్తున్న కొమ్మ వెనుక ఆకుల్లో ఇంకో కొమ్మ ఉంటుంది, ముక్కు దానికి తగులుతుంది. బ్రేకు ప్రాణం కాపాడే సాధనమే, కాని అది దెబ్బను తగ్గిస్తుందే తప్ప తన్నడాన్ని ఆపదు. రోజూ పని మొదలుపెట్టే ముందు బ్రేకు పడుతోందో లేదో చూడనివాడికి అది ఉన్నా లేనట్టే. ఎడమచేతి బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టి ఉండాలి. నలుగురు కుర్రాళ్లలో ముగ్గురు దాన్ని మిగతా వేళ్ల పక్కనే పైన పెడతారు. నేను ఎన్నిసార్లు సరిచేసినా సాయంత్రానికి మళ్లీ పైకి వెళ్తుంది. చైనుకు సూటిగా వెనుక కాకుండా కాస్త ఎడమగా నిలబడండి, భుజం కన్నా పైకి మిషను ఎత్తకండి, ఒంటిచేత్తో అసలే వద్దు.

మొద్దుబారిన చైను మెత్తగా ఉంటుంది, తగిలినా తెగదు అనే మాట ఎవరు పుట్టించారో తెలియదు. చెక్క కోయని చైను కూడా తొడ కోస్తుంది. మొద్దు చైనుతో మనిషి మిషనును బలంగా నొక్కుతాడు, కోత పూర్తయ్యేసరికి ఒళ్లు తూలి ముందుకు పడతాడు. కోతలో పొట్టు పిండిలా రాలుతుంటే ఆపి, ఆకురాయి పట్టండి. పదునున్న చైను పెచ్చులు పెచ్చులుగా రాలుస్తుంది.

లుంగీ, మెడలో తువ్వాలు ఈ పనికి పనికిరావు. మందం జీన్సు వేసుకున్నాను కదా అంటారు, చైనుకు జీన్సు కాగితంతో సమానం. చైన్‌సా ప్యాంటులోని పొరల్లో పొడవాటి పోగులుంటాయి. అవి తెగగానే చైనుతో పాటు లోపలికి పోయి, పళ్లచక్రానికి చుట్టుకుని మిషనును ఆపేస్తాయి. ఖరీదైనదే, ఒప్పుకుంటాను. మొత్తం బృందానికి ఒకేసారి కొనలేకపోతే, ముందు మిషను పట్టేవాడికి కొనండి. ఇక మిషనును గాలిలో ఊపుతూ తాడు లాగి స్టార్టు చేయడం సినిమాల్లో బాగుంటుంది. నేలమీద పెట్టి, బ్రేకు వేసి, వెనుక పిడిలో కాలు ఉంచి లాగండి. "కొంచెం పుచ్చుకుంటే చేతులు వణకవు" అనేవాడిని ఆరోజుకు ఇంటికి పంపేస్తాను, ఎంత పనిమంతుడైనా సరే.

"కరెంటు పోయిందిగా, తీగల మధ్య కోసేద్దాం" అనే తొందర చాలామందికి ఉంటుంది. ఊరంతా చీకటిగా ఉన్నా ఏ ఇంట్లోనో జనరేటరు నడుస్తూ, ఆ కరెంటు వెనక్కి లైనులోకి రావచ్చు. ఏ క్షణంలోనైనా సబ్‌స్టేషనులో మళ్లీ లైను ఇవ్వవచ్చు. లైన్‌మన్ వచ్చి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపినట్టు అనుమతి) తీసుకుని, లైనును ఎర్త్ చేశానని తన నోటితో చెప్పేదాకా తీగ తగిలిన చెట్టును నేను ముట్టను.

మొన్న ఒక అమ్మ ఫోను చేసింది. కొడుకు సుబాబుల్ నరికే ముఠాతో వెళ్తున్నాడట, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంది. పని మానిపించమని నేను చెప్పలేదు, ఆ ఇంటికి ఆ కూలి డబ్బు అవసరం. కొడుకును మూడు సంగతులు అడగమన్నాను: బ్రేకు రోజూ చూస్తున్నాడా, కోసేటప్పుడు పిలిస్తే పలికేంత దూరంలో ఇంకో మనిషి ఉంటున్నాడా, దెబ్బ తగిలితే ఏం చేయాలో ముఠాలో ఎవరికైనా తెలుసా? మూడోదానికి ఆమె దగ్గరే జవాబు ఉంది: "కాఫీపొడి డబ్బా పంపిస్తున్నానండీ."

వద్దమ్మా అన్నాను. కాఫీపొడి, పసుపు, పొగాకు, ఏవీ వద్దు. చైను చేసే గాయం కత్తిగాటులా సన్నగా ఉండదు, కండను చీల్చుకుపోతుంది. ఉతికిన గుడ్డను మడత పెట్టి, గాయం మీద బలంగా అదిమి పట్టుకోవాలి. రక్తం ఆగిందా అని మధ్యలో ఎత్తి చూడకూడదు, గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వేసి నొక్కాలి. ఈలోగా ఒకరు 108కు ఫోను చేయాలి, ఇంకొకరు పరుగెత్తి రోడ్డు మలుపులో నిలబడాలి. తోటల్లో డొంకదారులన్నీ ఒకేలా ఉంటాయి, బండి దారి తప్పిందంటే దగ్గరికొచ్చి కూడా వెనక్కి పోతుంది. కాఫీపొడి బదులు నాలుగు పాత నూలు చీరలు చింపి, ఉతికి ఆరబెట్టి, సంచిలో పెట్టి పంపమన్నాను. పంపించిందట.