సదస్సులో కొత్త సాధనం, వెనకాల 1960ల నాటి రికార్డు

లైబ్రేరియన్ల వృత్తి సదస్సుల్లో ఇప్పుడు జనం గుమిగూడేది కృత్రిమ మేధ సాధనాల దగ్గర. పుస్తకం టైటిల్ పేజీని ఫొటో తీసి ఇస్తే కాసేపట్లో కేటలాగ్ రికార్డు సిద్ధం. ప్రదర్శనలో అది బాగానే నడుస్తుంది. దాన్ని తెచ్చుకుని సొంత సాఫ్ట్‌వేర్‌కు కలిపాక చిక్కులు బయటపడతాయి. అక్షరాలు చెడిపోతాయి, శీర్షిక చివర అక్కర్లేని ఏటవాలు గీత తేలుతుంది, ప్రచురణకర్త ఉండాల్సిన చోట శీర్షిక తోక కనిపిస్తుంది. వీటిలో చాలావాటికి కారణం కొత్త సాధనం కాదు, అది రాసే రికార్డు రూపం. ఆ రూపం ఎలా వచ్చిందో తెలిసిన లైబ్రేరియన్ సదస్సులో వేసే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన సదస్సులో పుట్టింది. ఆ తరానికి కొత్త సాంకేతికత అంటే కేటలాగ్ కార్డు. అందరూ ఒకే కొలత వాడితేనే ఒకచోట రాసిన కార్డు మరోచోటి సొరుగులో ఇముడుతుంది. 7.5 సెంటీమీటర్ల ఎత్తు, 12.5 సెంటీమీటర్ల వెడల్పు స్థిరపడ్డాయి. 1901లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన అచ్చు కార్డులను ఇతర లైబ్రరీలకు అమ్మడం మొదలుపెట్టింది. ఒకరు రాసిన వివరణను అందరూ వాడుకోవడం అప్పటి నుంచి మామూలైపోయింది. కార్డు మీద చోటు తక్కువ కాబట్టి వివరాలను కుదించి, విరామ చిహ్నాలతో విడదీసి రాసేవారు.

కంప్యూటర్ వచ్చాక కూడా మొదట కోరుకున్నది కార్డులే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రామ్ నాయకత్వంలో మార్క్ రూపం తయారైంది, అంటే యంత్రం చదవగల కేటలాగ్ రికార్డు. ఆమె లైబ్రేరియన్‌గా శిక్షణ పొందిన మనిషి కాదు, ప్రోగ్రామర్. ఒక్కో కేటలాగ్ వివరం ఎందుకుందో లైబ్రేరియన్లను అడిగి, విడదీసి, ఒక్కోదానికి ట్యాగ్ నంబరు ఇచ్చిన పద్ధతిలోనే ఆ పని గొప్పతనం ఉంది. 1966 నవంబరులో 16 లైబ్రరీలతో ప్రయోగం మొదలైంది. వాటికి వారం వారం మాగ్నెటిక్ టేపులు వెళ్లేవి. 1969 మార్చిలో పంపిణీ సేవ పూర్తిస్థాయిలో ప్రారంభమైంది. టేపు నుంచి కార్డు అచ్చు వేయాలి కాబట్టి కార్డు మీది విరామ చిహ్నాలు కూడా రికార్డులోకి చేరాయి. శీర్షికకు ఇచ్చిన 245 ట్యాగ్‌లో శీర్షిక తర్వాత ఏటవాలు గీత, ఆపైన రచయిత పేరు. యంత్రానికి ఆ గీత అవసరం లేదు, ట్యాగ్ లోపలి ఒక్కో భాగాన్ని గుర్తించే సబ్‌ఫీల్డు కోడే చాలు. అయినా గీత అక్కడే ఉండిపోయింది. గీతను తనంతట తాను చేర్చే సాఫ్ట్‌వేర్‌లోకి అలాంటి రికార్డు వెళితే గీతలు రెండవుతాయి. రికార్డులో చిహ్నాలున్నాయో లేదో చెప్పడానికి, రికార్డు మొదట్లో ఉండే లీడర్ అనే భాగంలో 18వ స్థానం ఉంది (లెక్క సున్నా నుంచి మొదలు). చిహ్నాలుంటే ఇంగ్లిష్ అక్షరం ఐ, తీసేస్తే సి. ఆ గుర్తు, లోపలి పాఠం ఒకదానితో ఒకటి పొసగకపోవడం తరచూ కనిపించే తప్పు.

అసలు మొరాయింపు రికార్డు కట్టడంలో ఉంది. మార్క్ రికార్డును ఫైలులో పేర్చే ప్రమాణమైన ఐఎస్ఓ 2709 ప్రకారం మొదటి 24 స్థానాలు లీడర్. అందులో తొలి 5 అంకెలు మొత్తం రికార్డు పొడవు. తర్వాత డైరెక్టరీ, అంటే ఫీల్డుల పట్టిక. ఒక్కో ఫీల్డుకు, అంటే ట్యాగ్ ఉన్న ఒక్కో వివరానికి, అందులో 12 స్థానాలు: ట్యాగ్‌కు 3, ఫీల్డు పొడవుకు 4, ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి 5. టేపును వరుసగా చదివే రోజుల్లో ఇది తెలివైన ఏర్పాటు. దాని ఫలితంగానే ఇవాళ్టికీ రికార్డు 99,999 బైట్లు, ఫీల్డు 9,999 బైట్లు దాటకూడదు. వందల ప్రతుల వివరాలను ఒకే రికార్డులో పెట్టి ఎగుమతి చేస్తే ఆ హద్దు దాటుతుంది, ఫైలు అక్కడ తెగుతుంది.

మన లిపితో పనిచేసేవాళ్లకు ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. డైరెక్టరీ లెక్క అక్షరాల్లో కాదు, బైట్లలో. ‘తెలుగు’ అనే మాటకు యూనికోడ్‌లో 6 సంకేతాలు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 18. ఈ ఒక్క మాటే శీర్షిక అనుకుంటే, 245 ఫీల్డులో రెండు ఇండికేటర్లు (ఫీల్డు మొదట ఉండే గుర్తులు), సబ్‌ఫీల్డు గుర్తు, దాని కోడు, 18 బైట్ల పాఠం, చివరి ముగింపు గుర్తు కలిసి 23 బైట్లు. అక్షరాలుగా లెక్కపెట్టే ప్రోగ్రాం అక్కడ 11 అని రాస్తుంది. 12 బైట్ల తేడా. ఆ ఫీల్డు తర్వాత ప్రతి ఫీల్డూ అసలు మొదలయ్యే చోటికి అన్ని బైట్ల ముందు నుంచే చదవబడుతుంది, శీర్షిక తోక ప్రచురణకర్త స్థానంలోకి వచ్చేది అందుకే. లీడర్ 9వ స్థానంలో యూనికోడ్‌కు ఇంగ్లిష్ అక్షరం ఎ అని ఉండాలి. ఖాళీగా ఉంటే చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని మార్క్-8 అనే పాత అక్షర సంకేతాలు అనుకుంటుంది, తెర నిండా పిచ్చి గుర్తులు వస్తాయి.

ఈ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక అక్షరం చేర్చి భద్రపరిస్తే డైరెక్టరీ లెక్క తప్పిపోతుంది. మార్క్ఎడిట్ లాంటి సాధనంతో ముందు పాఠ్య రూపంలోకి విడగొట్టి, సవరించి, మళ్లీ కట్టించాలి. అప్పుడు పొడవులను అదే తిరిగి లెక్కిస్తుంది. మార్క్ రికార్డునే ఎక్స్‌ఎంఎల్ పాఠంగా రాసే మార్క్ఎక్స్‌ఎంఎల్‌లో ఈ పొడవుల బెడదే లేదు. వీలున్నచోట అందులోనే ఎగుమతి అడగడం మేలు.

పాత వ్యవస్థలు రోమన్ కాని లిపులను మోయలేకపోయాయి కాబట్టి లిప్యంతరీకరణ (అదే మాట రోమన్ అక్షరాల్లో) ప్రధాన ఫీల్డుల్లోకి, అసలు లిపి 880 ఫీల్డుల్లోకి వెళ్లింది. ఆ రెంటినీ కలిపేది 6 అనే కోడున్న సబ్‌ఫీల్డు. వ్యవస్థ మార్చేటప్పుడు ఈ లింకు తెగితే సొంత లిపిలో వెతికిన పాఠకుడికి ఏమీ దొరకదు.

పాత వ్యవస్థ పనికిరాకుండా పోతే కొత్తదానికి మారక తప్పదని న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టుకు 1999లో తెలిసింది. వాళ్ల పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదు. కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థతో కొత్తది రాయించుకుని, 2000 జనవరిలో వాడకంలోకి తెచ్చి, స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ ఇచ్చారు. అదే కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్. ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీ చేసిన ఈ పని ఫలితాన్ని ఇవాళ ఎన్నో దేశాల లైబ్రరీలు అనుభవిస్తున్నాయి.

పాఠకులే పుస్తకాన్ని సొంతంగా ఇష్యూ చేసుకునే యంత్రాలదీ ఇలాంటి కథే. అవి లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే సిప్ ప్రోటోకాల్ 1993 నాటిది. దానికి సొంతంగా గూఢలేఖనం లేదు. సభ్యుల కార్డు నంబరు, పిన్ తెరిచిన ఉత్తరంలా వెళతాయి. వీపీఎన్ లేదా టీఎల్ఎస్ అనే గూఢలేఖన తొడుగు లేకుండా దాన్ని వాడకూడదు. పుస్తకానికి అతికించి రేడియో సంకేతంతో చదివే ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్‌లలో డేటా ఎలా రాయాలో చెప్పే ప్రమాణం ఐఎస్ఓ 28560 వచ్చింది 2011లో. అంతకుముందు అతికించిన ట్యాగ్‌లలో అమ్మకందారు సొంత పద్ధతి ఉండవచ్చు, అప్పుడు కంపెనీ మారినప్పుడు ప్రతి పుస్తకాన్నీ ప్యాడ్ మీద పెట్టి తిరగరాయాలి. లోహపు పూత ఉన్న అట్టలు, సీడీలు 13.56 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని అడ్డుకుంటాయి. వాటిని ముందే వేరు చేయాలి.

2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లను బంధించి డబ్బు అడిగే ప్రోగ్రాం) దాడి జరిగింది. ప్రధాన కేటలాగ్ వెతుక్కోవడానికి మాత్రమే వీలైన రూపంలో 2024 జనవరిలో తిరిగి వచ్చింది. కోలుకోవడం ఆలస్యం కావడానికి పాతబడిన వ్యవస్థలు కూడా కారణమని ఆ సంస్థే తన నివేదికలో బహిరంగంగా చెప్పింది. అంత పెద్ద సంస్థ తన లోపాన్ని దాచకుండా రాయడం వృత్తికి చేసిన మేలు.

ఇక కృత్రిమ మేధ. ఫిన్లాండ్ జాతీయ లైబ్రరీ 2017 నుంచి అభివృద్ధి చేస్తున్న అన్నిఫ్ సాధనం విషయ శీర్షికలను సూచిస్తుంది. నిర్ణీత పదకోశం నుంచే ఎంచుతుంది కాబట్టి లేని శీర్షికను పుట్టించదు. మాటలను అల్లే భాషా నమూనాలు అలా కావు. రచయిత పుట్టిన సంవత్సరాన్ని, పుస్తకపు గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను కూడా నమ్మేలా కల్పిస్తాయి. ఐఎస్‌బీఎన్ సరైనదో కాదో తేల్చే చివరి అంకె సరిచూస్తే చాలదు, అడ్డదిడ్డంగా రాసిన నంబర్లలో కూడా సగటున పదింటికొకటి ఆ పరీక్ష దాటుతుంది.

కాబట్టి ప్రదర్శన చూసి సంతకం పెట్టే ముందు సొంత సిబ్బంది కేటలాగ్ చేసిన 100 పుస్తకాలు తీసుకోవాలి. వాటిలో కనీసం 30 రోమన్ కాని లిపుల్లోవి ఉండాలి. ఉన్న రికార్డులు చూపించకుండా సాధనంతో కొత్తవి చేయించి, ఫీల్డు ఫీల్డుగా పోల్చాలి. 245లో, రచయిత పేరుండే 100 ఫీల్డులో, విషయ శీర్షికల్లో తప్పులను విడివిడిగా లెక్కపెట్టాలి, ఎందుకంటే సగటు అంకె రచయిత పేరులో తప్పులను కప్పేస్తుంది. తర్వాత అమ్మకందారు ముందే ఆ వందనూ ఎగుమతి చేయించి, వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, సంఖ్య వందే ఉందా, లీడర్ 9వ స్థానంలో ఎ ఉందా, 880 లింకులు నిలిచాయా అని చూడాలి.