రాతి బాటలను నిలబెట్టిన చేతులు

పల్లెల్లోని పాత రాతి బాటలను పర్యాటకం కోసం కాపాడాలన్న మాట చాలా దేశాల్లో వినిపిస్తోంది. మంచిదే. కానీ అవి ఎందుకు పాడయ్యాయో తెలుసుకోకుండా బాగుచేయబోతే మిగిలింది కూడా పోతుంది.

ఏటవాలులో వేసిన బాటను దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. రాయి పొడుగు భాగం నేలలోకి దిగి ఉంటుంది, పైకి కనిపించేది దాని చిన్న ముఖమే. సందుల్లో చిన్న రాళ్లు బిగించి ఉంటాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. అక్కడక్కడా బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా ఒక రాళ్ల వరుస ఎత్తుగా ఉంటుంది. వాన నీటిని పక్కకు తోసేది అదే. మిగిలిన నీరు సందుల్లో ఇంకిపోతుంది. ఆ సందులను సిమెంటుతో పూడిస్తే నీరు అడుగున చేరి నేలను కోస్తుంది. ఇక ఒక్క రాయి కదిలినా పక్కది వదులవుతుంది. ఎప్పటికప్పుడు సరిచేసే మనుషులు ఉన్నంతకాలమే బాట ఉంటుంది.

వెనకటి రోజుల్లో ఆ పని ఊళ్లమీదే పడేది. దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్య పాలకులు ఆండీస్ కొండల్లో 30,000 కిలోమీటర్లకు పైగా సాగిన బాటలను 'మిటా' అనే వంతు చాకిరీతో నిలబెట్టుకున్నారు. అందులో నిర్బంధం ఉంది, దాన్ని మరచి పాతకాలాన్ని పొగడలేం.

రైలు, మోటారు రోడ్డు వచ్చాక నడిచేవాళ్లు తగ్గారు. బాగుచేసే చేతులూ వాళ్లతోపాటే వెళ్లిపోయాయి. జపాన్‌లో ఎడో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకు వెళ్లే నకసెండో అనే పాత దారిలో 69 మజిలీలు ఉండేవి. వాటిలో సుమాగో ఒకటి. 1911లో కిసో లోయ గుండా రైలు మార్గం పూర్తయ్యాక ఆ ఊరికి బాటసారులు కరువయ్యారు. 1968లో పాత ఇళ్లను బాగుచేయడం మొదలైంది. 1971లో ఊరివాళ్లే కూర్చుని రాసుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. దేశ ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతంగా గుర్తించింది 1976లో, అంటే ఊరి మాట తర్వాత అయిదేళ్లకు. ఈ వరుసే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. ఇప్పుడు పక్క మజిలీ మగోమే నుంచి సుమాగోకు సుమారు 8 కిలోమీటర్లు నడవడానికే జనం వస్తున్నారు.

యూరప్‌లో ఆలోచన మరోవైపు నుంచి వచ్చింది. 2018లో యునెస్కో ఎనిమిది దేశాలకు చెందిన, సున్నం లేకుండా రాయి పేర్చే విద్యను తన వారసత్వ జాబితాలో చేర్చింది. గోడను కాదు, గోడ కట్టే నేర్పును. స్పెయిన్‌కు చెందిన మల్లోర్కా దీవిలో ఈ పని చేసే మేస్త్రీని 'మర్జే' అంటారు. కొత్తవాళ్లకు అక్కడ ఆ పని నేర్పుతున్నారు, కొండబాటలనూ తిరిగి పరుస్తున్నారు.

జనం పెరిగితే మాత్రం అదే బాట అరుగుతుంది. పెరూలో మాచుపిచ్చుకు వెళ్లే ప్రసిద్ధమైన ఇంకాల బాటమీద, మోత కూలీలతో కలిపి రోజుకు 500 మందినే అనుమతిస్తారు. వానలు గట్టిగా పడే ఫిబ్రవరి నెలంతా మరమ్మతుల కోసం బాట మూసేస్తారు.