గ్లో ఇంజన్ ఫ్యూయల్ ఫిల్టర్: అపోహలు – వాస్తవాలు

మోడల్ విమానాల్లో మిథనాల్ కలిసిన ఇంధనంతో తిరిగే బుల్లి ఇంజనే గ్లో ఇంజన్. నేల మీద చక్కగా తిరిగిన 46 సైజు (సుమారు 7.5 సీసీ) ఇంజన్, విమానం ముక్కు పైకెత్తి ఎక్కుతుండగా గొంతు సన్నబడి టక్కున ఆగిపోతుంది. వెంటనే చెయ్యి నీడిల్ (ఇంధనం పాళ్లు సర్దే మర) మీదకు పోతుంది. రెండు క్లిక్కులు తెరుస్తారు, ఇంకో రెండు తెరుస్తారు. ఇప్పుడు నేల మీద పొగ కక్కుతుంది, పైకి వెళ్లాక మళ్లీ అదే కథ. ఈ తిప్పలకు మూలం చాలాసార్లు నీడిల్‌లో ఉండదు, చిటికెన వేలంత ఫిల్టర్‌లో ఉంటుంది. దాని జల్లెడ పూడుకుపోయి ఉండొచ్చు, లేదా రెండు ముక్కల మధ్య ఉన్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) గాలి పీలుస్తూ ఉండొచ్చు. జల్లెడను అందరూ చూస్తారు. ఓ-రింగ్‌ను ఎవరూ పట్టించుకోరు.

అపోహ: ట్యాంకుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య మంచి ఫిల్టర్ ఒకటి ఉంటే చాలు.

అది చిట్టచివరి కాపలా మాత్రమే. చెత్తను ట్యాంకులోకి రాకముందే ఆపాలి. ఇంధనం డబ్బాలో మునిగే గొట్టం చివర ఒక ఫిల్టర్, నింపే పంపు నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టంలో ఇంకొకటి పెట్టండి. ఇవి రెండూ నేల మీదే ఉంటాయి. బరువు, అదురు, గాలి బుడగలు అన్న సమస్యలుండవు కాబట్టి ఎంత పెద్దవైనా, ఎంత సన్న జల్లెడవైనా ఫర్వాలేదు. విమానంలో ఉన్నదానికి అప్పుడు పని తగ్గిపోతుంది.

నలుసులు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే సగం పని అయినట్టే. నింపే గొట్టం కొసను గడ్డి మీద పడేస్తే ఇసుక అంటుకుంటుంది. ఇత్తడి గొట్టం కోసినప్పుడు అంచున లేచిన రజను, కొత్త ప్లాస్టిక్ ట్యాంకు లోపల మిగిలిన పీలికలు, సిలికాన్ ట్యూబును బలవంతంగా ఎక్కించినప్పుడు లోపలివైపు గీరుకుపోయి ఊడే సన్నటి తునకలు, ఇవన్నీ ఇంధనంలోకే చేరతాయి. తీగలు పట్టుకుని ఎగరేసే కంట్రోల్ లైన్ విమానాలకు వాడే రేకు ట్యాంకుల్లో అయితే టంకం పూసలు, ఫ్లక్స్, తుప్పు కూడా ఉంటాయి. కొత్త ట్యాంకు బిగించే ముందు అందులో కొంచెం మిథనాల్ పోసి, గట్టిగా ఊపి, తెల్లటి కప్పులోకి వంచండి. కప్పు అడుగున ఏమీ కనిపించనంత వరకూ మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

అపోహ: ఫిల్టర్ ఉన్న గొట్టంలోంచే ఇంధనం నింపినా నష్టం లేదు.

అన్నిటికంటే ఎక్కువ ఇంజన్లను ఇబ్బంది పెట్టేది ఈ అలవాటే. రెండు గొట్టాల ట్యాంకుకు చాలామంది కార్బ్ దగ్గర ట్యూబు పీకి, అందులోంచే నింపుతారు. మధ్యలో ఫిల్టర్ ఉంటే ఇంధనం ఎదురు దిశలో వెళ్తుంది. డబ్బాలోంచి వచ్చిన నలుసంతా జల్లెడకు కార్బ్ వైపు పేరుకుంటుంది. ట్యూబు తిరిగి తగిలించి ఇంజన్ స్టార్ట్ చేయగానే ప్రవాహం తిరగబడి, ఆ చెత్త మొత్తం నేరుగా కార్బ్ లోపల ఇంధనం చిమ్మే సన్న గొట్టం (స్ప్రేబార్) రంధ్రంలోకి పోతుంది. అంటే ఫిల్టర్ లేకపోయి ఉంటే ట్యాంకు అడుగున పడి ఉండే మట్టిని కూడబెట్టి మరీ కార్బ్‌కు అందిస్తున్నట్టు. మందు సులువే: ట్యూబును కార్బ్ దగ్గర కాకుండా, ఫిల్టర్‌కు ట్యాంకు వైపున్న మూతి దగ్గర విడదీసి నింపండి. లేదా ట్యాంకుకు నింపడానికే మూడో గొట్టం పెట్టుకోండి.

ఫిల్టర్ మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజన్ వైపు చూడాలి. గుర్తు లేకపోతే విప్పి చూడండి. ఇంధనం ముందు వెడల్పుగా ఉన్న గదిలోకి వచ్చి, అక్కణ్ణించి జల్లెడ దాటాలి. చెత్త నిలిచే చోటు అదే.

అపోహ: జల్లెడ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.

100 మెష్ జల్లెడ కన్ను సుమారు 150 మైక్రాన్లు, 200 మెష్ అయితే 75. రెండోది దాదాపు మన వెంట్రుక మందం. విమానంలో అంతకంటే సన్నం అక్కర్లేదు. గ్లో ఇంధనంలో 18–20 శాతం నూనె ఉంటుంది, చిక్కగా పారుతుంది. దాన్ని లాగడానికి మామూలు గ్లో ఇంజన్‌కు పంపు ఉండదు. కార్బ్ గొంతులో గాలి పీల్పు, సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వచ్చే కొద్దిపాటి ఒత్తిడి, అంతే. బైకులకు వాడే కాగితపు ఫిల్టర్ పెడితే ఆ పీల్పు సరిపోక ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ లీన్ అయిపోతుంది, అంటే ఇంధనం చాలదు. పైగా దాని గిన్నెలో గాలి నిలిచి, విమానం వంపు తిరిగినప్పుడు ఒక్కసారిగా గొట్టంలోకి వస్తుంది. ఇంజన్ సైజును బట్టి ఫిల్టర్ కొనండి. 0.8 సీసీ బుల్లి ఇంజన్‌కు 46 సైజుది పెట్టడం కూడా తప్పే.

అపోహ: గొట్టంలో బుడగలు కనిపిస్తే ట్యాంకులో నురగ వస్తున్నట్టే.

కావచ్చు. ట్యాంకు చుట్టూ స్పాంజి లేకపోతే అదురుకు నురగ వస్తుంది. కానీ ముందు ఫిల్టర్‌ను అనుమానించండి. బయటికి ఒక్క చుక్క కారకపోయినా, పీల్పు ఉన్నప్పుడు అది లోపలికి గాలి లాగగలదు. పరీక్షకు మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి చాలు. ఫిల్టర్‌కు రెండు వైపులా ట్యూబు ముక్కలు తగిలించి, ఒకదాని చివర మేకుతో మూయండి, రెండోదానికి సిరంజి పెట్టండి. ఫిల్టర్‌ను గ్లాసు నీళ్లలో ముంచి పిస్టన్ మెల్లగా నొక్కండి. మొదట పైన అంటుకున్న గాలి పోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత కూడా రెండు ముక్కలు కలిసే చోట ఆవగింజంత బుడగలు వరసగా లేస్తుంటే ఓ-రింగ్ పని అయిపోయింది.

అప్పుడు చాలామంది ఫిల్టర్ మరలకు తెల్లటి టెఫ్లాన్ టేపు చుడతారు. దయచేసి చేయకండి. ఆ టేపు పోగులు ఊడి జల్లెడ దాటిన తర్వాత గొట్టంలో పడితే, వాటిని ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. కొత్త ఓ-రింగ్‌కు ఇంధనంలో వాడే నూనే ఒక చుక్క రాసి, చేతితో బిగిసినంత బిగించండి. కటింగ్ ప్లేయర్‌తో తిప్పితే రింగు నలిగి పక్కకు జారుతుంది, లీకు పెరుగుతుంది. విటాన్ అనే ఖరీదైన రబ్బరు రింగు అన్నిటికీ మేలనుకోవద్దు. పెట్రోల్‌కు అది బాగుంటుంది, మిథనాల్‌లో మామూలు విటాన్ ఉబ్బుతుంది. గ్లో ఇంధనానికి నైట్రైల్ రబ్బరే నయం.

అపోహ: నోటితో ఊదితే శుభ్రమైపోతుంది.

ఇంధనంలో ఉండే మిథనాల్ విషం. చూపు పోగొట్టగలదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. దాని మంట ఎండలో కంటికి కనిపించదు. గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పని చేయండి. ఫిల్టర్ విప్పి, రింగు పక్కన పెట్టి, జల్లెడను చిన్న గాజు సీసాలో మిథనాల్‌లో అరగంట ఉంచండి. సిరంజితో ఇంజన్ వైపు నుంచి ట్యాంకు వైపుకు ఎదురు తోయండి. తర్వాత వెలుతురుకు పెట్టి చూడండి, కన్నులన్నీ ఒకేలా మెరవాలి. సూదితో పొడిస్తే కన్ను సాగుతుంది, ఇయర్ బడ్‌తో తుడిస్తే దూది పోగు మిగులుతుంది. ఇంధనం నూనెలో ఉండే ఆముదం నెలల తరబడి పడి ఉండి గోధుమరంగు జిగురై గట్టిపడి ఉంటే రాత్రంతా నానబెట్టండి. అప్పటికీ వదలకపోతే జల్లెడ మార్చేయడమే. అసిటోన్‌లో వేస్తే జిగురు సంగతేమో గానీ నైట్రైల్ రింగు చెడిపోతుంది.

10–12 ట్యాంకుల ఇంధనం కాలాక ఒకసారి విప్పి చూస్తే సరిపోతుంది. కొత్త ట్యాంకు అయితే రెండుసార్లు నింపిన ఇంధనం కాలాక చూడండి.

ఇక ఫిల్టర్ నీటిని ఆపుతుందన్న నమ్మకం. ఆపదు. నీరు మిథనాల్‌లో పూర్తిగా కలిసిపోతుంది, ఏ జల్లెడా వేరు చేయలేదు. డబ్బా మూత గట్టిగా పెట్టుకోవడం తప్ప మార్గం లేదు.

పెట్రోల్ ఇంజన్ల లెక్క వేరు. సిలికాన్ ట్యూబు పెట్రోల్‌లో ఉబ్బిపోతుంది, పెట్రోల్‌ను తట్టుకునే టైగాన్ ట్యూబు వాడాలి. ఫిల్టర్‌గా ట్యాంకులో ఫెల్ట్ చుట్టిన క్లంక్ (ట్యూబు చివర ఇంధనంలో మునిగి ఉండే బరువు) సరిపోతుంది. వాల్‌బ్రో కంపెనీ తరహా కార్బ్‌లో పంపు మూత కింద ఇంకో బుల్లి జల్లెడ ఉంటుంది, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది కాబట్టి ఎగరేసిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్‌లో ఉన్నది కూడా కాల్చేయండి.

మొదట చెప్పిన ఇంజన్ దగ్గరకొస్తే, నీడిల్ ముట్టుకోకుండా ఫిల్టర్ తీసేసి, ఆ చోట ఇత్తడి గొట్టం ముక్కతో ట్యూబులు కలపండి. శుభ్రమైన ఇంధనంతో ఒక్క ట్యాంకు ఎగరేయండి. ఇబ్బంది పోతే దోషం ఫిల్టర్‌దే. పోకపోతే ట్యాంకు విప్పి, లోపల క్లంక్‌ను పట్టుకున్న ట్యూబును వంచి చూడండి. ఇత్తడి గొట్టం మీదకు ఎక్కిన చోట సన్నటి చీలిక ఉంటే, ముక్కు పైకి లేచినప్పుడు అది ఇంధనం మట్టానికి పైకి వచ్చి గాలి పీలుస్తుంది.