దెయ్యం కార్టూనే కదా, అందులో ఏటుంది అనేవాళ్ళ కోసం: కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఇంట్లోనే కూర్చుని యానిమేషన్ పని చేసుకుంటుంటా, అంతకుముందు హైదరాబాద్‌లో ఓ స్టూడియోలో చేసి వచ్చేశా. మొన్న సిరిమాను పండక్కి శ్రీకాకుళం నుంచి మా అప్పా బావా పిల్లల్తో దిగారు, రాత్రి పిల్లలకి 2023లో వచ్చిన యానిమేషన్ 'ద కాంటర్‌విల్ ఘోస్ట్' పెట్టేసరికి మా బావ "గుంటలికి దెయ్యాల సినిమాలేటిరా" అని ఒకటే గోల. ఆయన అన్న మాటలే ఇక్కడ రాస్తున్నా, క్లయింట్లు కూడా అవే అంటారు లెండి.

అపోహ: పిల్లల కోసమని మంచి దెయ్యం కథని కామెడీ చేసి పాడుచేశారు.

వాస్తవం: ఈ సినిమాకి మూలకథ ఆస్కార్ వైల్డ్ అనే రచయితది, ఆయన 1887లో రాసిందే కామెడీ. పాత బంగ్లా కొనుక్కున్న అమెరికా వాళ్ళు దెయ్యానికి అస్సలు భయపడరు, గొలుసుల చప్పుడుకి నిద్ర పట్టట్లేదు వీటికి కాస్త నూనె రాసుకో నాయనా అని ఇంటాయన సీసా ఇస్తాడు, కవల పిల్లలు తలగడలు విసురుతారు. నాకు పిచ్చిగా నచ్చేది మాత్రం రక్తం మరక. వీళ్ళు తుడిచేస్తుంటే దెయ్యం రోజూ మళ్ళీ వేస్తుంటాడు, అదీ ఆ ఇంటమ్మాయి వర్జీనియా రంగుల పెట్టె దొంగిలించి! ఎరుపు అయిపోతే ఓరోజు మరక ఆకుపచ్చగా ఉంటుంది. రక్తం చూపించకుండా రక్తం ఎలా చూపించాలా అని మేం తలలు బద్దలుకొట్టుకుంటాం, వైల్డ్ అప్పుడే తేల్చేశాడు.

అపోహ: దెయ్యానికి కాళ్ళుండవు, తేలిపోతుంది, కాబట్టి ఈజీ.

వాస్తవం: బరువు లేనట్టు కనిపించాలంటేనే చావు. మనిషైతే అడుగు నేల మీద ఆనుతుంది, మన చెయ్యి దాన్ని పట్టుకుని పోతుంది, తేలేవాడికి ఆ ఆధారం లేదు, కొంచెం తేడా వచ్చినా తాడుకి కట్టి లాగినట్టుంటుంది. పైగా ఒంట్లోంచి వెనక గోడ కనిపించాలి, అంటే గోడ వేరు మనిషి వేరు మెరుపు వేరు, ఒక్కోదాన్నీ విడి లేయర్‌గా తీసి, చివర్లో అన్నిట్నీ ఒకే బొమ్మగా కలపాలి, దాన్నే కంపోజిటింగ్ అంటాం. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు, గంటన్నర సినిమాకి 1,29,600. కంప్యూటరే చేసేస్తుంది అనేవాళ్ళు ఓ రాత్రి నా రూమ్‌లో పడుకోండి, రాత్రంతా తిరిగే ఆ కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడుకి తెలుస్తుంది.

అపోహ: బొమ్మ వికారంగా ఉంటేనే పిల్లలు జడుసుకుంటారు.

వాస్తవం: బొమ్మ కాదండీ, టైమింగ్. తలుపు తీశాక దెయ్యాన్ని వెంటనే చూపిస్తే నవ్వుతారు, 12 ఫ్రేములు అంటే అరసెకను ఖాళీగా ఉంచి మ్యూజిక్ ఆపేస్తే అదే బొమ్మకి అమ్మ ఒళ్ళో దూరతారు. పళ్ళు తగ్గించు గోళ్ళు తగ్గించు అని ఓ క్లయింట్ నాచేత 4 సార్లు మార్పించాడు, చివరికి నేను శబ్దం మారిస్తే ఓకే అన్నాడు, డబ్బులు మాత్రం ఒక్కసారికే ఇచ్చాడు.

ఇక ఫ్యామిలీ సినిమా అంటే చావు మాటే ఎత్తకూడదు అనేది కూడా ఉంది. పుస్తకంలో ఆ దెయ్యం భార్యని చంపినవాడు, ఆవిడ అన్నదమ్ములు వాణ్ణి తిండి పెట్టకుండా చంపారు. నన్నడిగితే అది తీసేస్తే మిగిలేది తలగడల గొడవే. మా మేనకోడలు అడిగితే నేను ఉన్నదున్నట్టే చెప్పా, ఆకలితో చచ్చిపోయాడే పాపం అని. కాసేపు ఊరుకుని "మావా, ఇప్పుడు ఆకలేస్తందా ఆడికి?" అంది. పుస్తకంలో వర్జీనియా కూడా అచ్చం అదే అడుగుతుంది, నా దగ్గర శాండ్‌విచ్ ఉంది తింటావా అని.