పసికందు థైమస్ చిక్కిపోతే పోయేదేమిటి?

రోగనిరోధక కణాలు సొంత శరీరంపైనే దాడి చేయకుండా ఆపే నియంత్రక టి కణాలపై చేసిన పరిశోధనలకు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచిలకు 2025 వైద్య నోబెల్ దక్కడంతో ఒక పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఉమ్మనీటి పొరల ఇన్ఫెక్షన్ మధ్య పుట్టిన బిడ్డల్లో, పుట్టాక సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్ర ఇన్ఫెక్షన్) సోకిన బిడ్డల్లో థైమస్ చిక్కిపోతుంది. ఛాతీలో ఉండే ఈ గ్రంథిలోనే టి కణాలు తయారవుతాయి. అది కొన్నాళ్లలో పూడే లోటేనా, లేక కలకాలం మిగిలే నష్టమా? 1961లో జాక్ మిల్లర్ థైమస్ పనిని బయటపెట్టిన సంగతి తెలిసిందే. ఇప్పటి వాదనకు మూలం 1969లో ఉంది.

ఆ ఏడాది జపాన్‌లో నిషిజుకా, సకాకురా ఎలుక పిల్లలకు పుట్టిన మూడో రోజున థైమస్ తీసేశారు. ఆడవాటి అండాశయాలు దెబ్బతిన్నాయి. ఏడో రోజున తీస్తే అలా జరగలేదు. మొదట్లో దాన్ని హార్మోన్ల వ్యవహారంగానే చూశారు. అది సొంత కణజాలంపై టి కణాల దాడి అనీ, ఆరోగ్యంగా ఉన్న ఎలుక టి కణాలు ఎక్కిస్తే ఆగుతుందనీ 1980లలో గానీ స్పష్టం కాలేదు. దాడిని ఆపే కణాలకు సీడీ25 అనే గుర్తు ఉందని 1995లో సకాగుచి చూపారు. ఎలుకల్లో అవి థైమస్ దాటి బయట కనిపించడం మొదలయ్యేది కూడా మూడో రోజు ప్రాంతంలోనే. 2015లో మరో మెలిక పడింది. పుట్టిన తొలి పది రోజుల్లో తయారైన నియంత్రక కణాలు పెద్దయ్యాక పుట్టేవాటికి నకళ్లు కావు. ఆ తొలి విడతను తుడిచేస్తే ఎలుకల్లో పలు అవయవాలపై దాడి మొదలైంది. అంటే గ్రంథి ఎంత పోయిందన్న దానికన్నా ఎప్పుడు పోయిందన్నదే ముఖ్యం.

ఇక ఇన్‌ఫ్లమేషన్, అంటే ఇన్ఫెక్షన్‌కు శరీరం చూపే వాపు స్పందన విషయం. థైమస్ కణాల్లో దాదాపు 80 శాతం సీడీ4, సీడీ8 అనే గుర్తులు రెండూ మోసే అపరిపక్వ కణాలే. ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్ఎఫ్ వంటి ఇన్‌ఫ్లమేషన్ సంకేత ప్రొటీన్లు మెదడు ద్వారా అడ్రినల్ గ్రంథులను ఉసిగొల్పి, శరీరం తానే తయారుచేసుకునే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను పెంచుతాయి. దానికి ముందుగా బలయ్యేది ఈ కణాలే. చచ్చిన కణాలను మింగే మాక్రోఫేజ్‌లు మొదట గ్రంథి వెలుపలి భాగమైన బెరడంతా చుక్కల్లా కనిపిస్తాయి. తర్వాత బెరడు పలచబడుతుంది, చివరికి లోభాగంతో సరిహద్దే చెరిగిపోతుంది.

తాత్కాలికమే అనేవారి మాట: కార్టిసాల్ తగ్గాక గ్రంథి మళ్లీ నిండుతుంది. పైగా మనిషిలో టి కణాలు గర్భంలో 14–15 వారాలకే బయటికి వస్తాయి కాబట్టి ఎలుక మూడో రోజు మనకు కొలబద్ద కాదు. గుండె ఆపరేషన్లో థైమస్ పోయిన శిశువులకు ఆ ఎలుకల జబ్బు రావడం లేదు. గట్టి అభ్యంతరమే. కాకపోతే అది నెలలు నిండిన బిడ్డకు అతికినంతగా 24 వారాలకే పుట్టిన బిడ్డకు అతకదు.

కోలుకుందనడానికి చూపే కొలతల్లోనే చిక్కుంది. ఎక్స్‌రే నీడకు పరిమాణమే తెలుస్తుంది, లోపల ఏ కణాలున్నాయో తెలియదు. థైమస్‌లో టి కణం తయారయ్యేటప్పుడు అందులో మిగిలే చిన్న డీఎన్ఏ వలయమే ట్రెక్. రక్తంలో దాని లెక్క తగ్గితే థైమస్ ఉత్పత్తి పడిపోయిందనే అనుకోనక్కర్లేదు. ఆ వలయం కణంతోపాటు రెట్టింపు కాదు కాబట్టి, ఇన్ఫెక్షన్‌లో టి కణాలు వేగంగా విభజన చెందినా పలచబడుతుంది. శాతాలైతే మరీ మోసం. అపరిపక్వ కణాలు కుప్పకూలితే మిగిలిన నియంత్రక కణాల శాతం దానంతటదే పెరిగినట్టు కనబడుతుంది. అసలు సంఖ్య లెక్కపెట్టాల్సిందే. నియంత్రక కణాలకు గుర్తుగా చూసే ఫాక్స్‌పీ3 ప్రొటీన్ ఒక్కటే చూసినా చాలదు. మనిషిలో ఉత్తేజితమైన మామూలు టి కణాలూ దాన్ని కొన్నాళ్లు చూపిస్తాయి, అందుకే సీడీ127 అనే మరో గుర్తు తక్కువగా ఉందో లేదో కూడా చూస్తారు.

అన్నిటికన్నా పెద్ద గందరగోళం స్టెరాయిడ్. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి బీటామెథాసోన్ 12 మి.గ్రా. చొప్పున 24 గంటల తేడాతో రెండు డోసులు ఇస్తారు. అది మాయ దాటి బిడ్డను చేరుతుంది, థైమస్‌నూ కుదిస్తుంది. ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్ రెండూ ఒకే తల్లిలో కలిసే వస్తుంటే ఎవరి వాటా ఎంతో చెప్పడం కష్టం. అందుకే గొర్రె పిండాల్లో రెండింటినీ విడివిడిగా, కలిపి ఇచ్చి చూశారు. ఉమ్మనీటిలోకి బ్యాక్టీరియా పైపొర పదార్థం ఎక్కించినప్పుడు థైమస్‌లో ఫాక్స్‌పీ3 కణాలు తగ్గాయి. బిడ్డల రికార్డుల్లో డోసు వేసిన గంట, రక్తం తీసిన గంట రెండూ రాసి ఉంటేనే ఈ లెక్క మనుషుల్లోనూ తేల్చగలం.