కథలో రాయని మాట పిల్లలకు ఎందుకు కనపడట్లేదు

ఈమధ్య ఎనిమిదో తరగతి పిల్లలకు మూడు వాక్యాల కథ ఒకటి నేనే రాసి ఇచ్చాను. "ఆ సాయంత్రం నాన్న నడుచుకుంటూ వచ్చాడు. జేబులోంచి చెల్లి స్కూల్ ఫీజు రసీదు తీసి అమ్మకిచ్చాడు. రోజూ సైకిలు ఆనించే గోడ మీద హ్యాండిల్ గీసిన గీత ఒక్కటే ఉంది." సైకిలు ఏమైంది అని అడిగితే క్లాసంతా తలలు వంచి కాగితంలో వెతికింది, చివరికి ఒకబ్బాయి లేచి "అది కథలో లేదు టీచర్" అన్నాడు. తెలివైనవాడే, తెలుగులో ఎప్పుడూ మంచి మార్కులు వస్తాయి. జవాబంటే పేజీలో ఎక్కడో రాసి ఉండేదే అని వాడికి మనమే నేర్పాం.

నిజానికి చెప్పని మాటను పట్టుకోవడం మన దగ్గర కొత్త విద్యేం కాదు. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరులో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాస్తూ, కావ్యానికి ప్రాణం మాటల వెనక స్ఫురించే అర్థమేనని చెప్పి, దాన్ని ధ్వని అన్నాడు. తర్వాత మమ్మటుడు "సూర్యుడు అస్తమించాడు" అన్న ఒక్క మాట తీసుకుని, అది పశువుల కాపరి వింటే మందను ఇంటికి తోలాలని, పనిలో ఉన్నవాళ్లు వింటే ఇక పని చాలించాలని, ప్రియుడి దగ్గరికి వెళ్లాల్సిన అమ్మాయి వింటే బయల్దేరే వేళయిందని అర్థమవుతుందని చూపించాడు. నాకు వీళ్లిద్దరికంటే మహిమభట్టు ఇష్టం. పదకొండో శతాబ్దంలో వ్యక్తివివేకంలో ఆయన, ధ్వని అని వేరే ఏమీ లేదు, ఇదంతా తర్కంలో చెప్పే అనుమానమే అని వాదించాడు, అంటే పొగ చూసి నిప్పుందని తెలుసుకున్నట్టే మాటల్లో ఉన్న గుర్తు పట్టుకుని విషయం తేల్చుకోవడం. అలంకారశాస్త్రంలో ఆయన వాదం నెగ్గలేదు గానీ, క్లాసులో అంతకంటే పనికొచ్చే మాట నాకు దొరకలేదు, ఎందుకంటే పొగ ఎక్కడుందో పిల్లలు వేలు పెట్టి చూపించగలరు.

ఈ చర్చంతా కావ్యాల చుట్టూనే జరిగింది. ఆధునిక కథ తెలుగులోకి వచ్చినప్పుడు అది కూడా పాఠకుడి మీద అంతే నమ్మకం పెట్టింది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' చూడండి. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనిపించదు, ఆమె రాసిన ఉత్తరం కనిపిస్తుంది. ఆమెను వెనక్కి తీసుకురమ్మని నౌకరు రాముడికి చెప్పి పంపబోతుంటే మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. కథ అక్కడితో సరి. ఆమె అంతా విందని, ఆ ఉత్తరం ఎందుకు రాసిందో, అతను నిజంగా దిద్దుకుంటాడో లేదో మనమే ఆలోచించుకోవాలి.

బళ్లో మాత్రం పద్యానికి ప్రతిపదార్థం మిగిలింది, కథ ఉపవాచకంలోకి వెళ్లింది. "ఈ మాటలు ఎవరు ఎవరితో అన్నారు", "సారాంశం రాయండి", అంతే. దీనికి టీచర్లను తప్పు పట్టలేను. లక్షల పేపర్లు దిద్దాలంటే అందరికీ ఒకే జవాబు ఉండాలి, ఊహించి రాసినదానికి మార్కులెలా వేస్తారు?

మార్చాలని ప్రయత్నించలేదని కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీని వదిలించాలంది, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సొంత చట్రం తయారుచేసుకుని ఆ తర్వాత కొత్త పుస్తకాలు తెచ్చింది. పాఠం చివర 'అవగాహన - ప్రతిస్పందన' అని శీర్షిక పెట్టి, మీరైతే ఏం చేసేవాళ్లు, మీ అభిప్రాయం చెప్పండి అని అడగడం మొదలైంది. పరీక్షలో అపరిచిత గద్యం, అంటే పుస్తకంలో లేని పేరా, కూడా ఉంది. కానీ 'మీ అభిప్రాయం' కూడా గైడులో అచ్చయి అమ్ముడవుతోంది, పిల్లలు దాన్ని కూడా బట్టీ పట్టేస్తున్నారు. అపరిచిత గద్యం కింద ప్రశ్నలు చాలావరకు ఆ పేరాలోంచి ముక్క ఎత్తి రాస్తే సరిపోయేవే.

అంతర్జాతీయంగా పదిహేనేళ్ల పిల్లల చదువును కొలిచే పీసా పరీక్షను 2009 విడతలో హిమాచల్ ప్రదేశ్, తమిళనాడు పిల్లలు రాస్తే రెండు రాష్ట్రాలూ అట్టడుగు వరుసలో నిలిచాయి. ప్రశ్నలు మన పరిస్థితులకు తగ్గట్టు లేవన్నారు, తర్వాతి విడతల్లో దేశం పాల్గొనలేదు. ఆ పరీక్ష చదివిన రెండు విషయాల్ని కలిపి మూడోది తేల్చమంటుంది. మన పిల్లలు తడబడింది అక్కడేనని నా నమ్మకం.

ఆ రోజు క్లాసులో నేను ఇంకేం చెప్పలేదు, "ఏ మాట చూసి అలా అనుకుంటున్నావు?" అన్న ఒక్క ప్రశ్నే తిప్పి తిప్పి అడిగాను. ఒకమ్మాయి పంక్చరయి షాపులో ఇచ్చాడేమో అంది. కావచ్చు, మరి రసీదు ఎందుకుంది అన్నాడు పక్కవాడు. రసీదు మీద వేలు పెట్టి, గోడ మీద గీత మీద వేలు పెట్టి, అమ్మేశాడని తేల్చారు. ఇందాక లేచి నిలబడిన అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "అయితే రేపట్నుంచి వాళ్ల నాన్న తెల్లారకముందే లేవాలి టీచర్."