తప్పు తూటాది, నింద సైజుది

9 ఎంఎం పిస్టల్ పోలీసు పనికి చాలదు, .40కో .45కో (అంగుళాల్లో తూటా అడ్డుకొలత) మారాలి అన్న వాదన మళ్లీ రగులుకుంది. 1902లో లూగర్ పిస్టల్‌తో వచ్చిన 9 ఎంఎం తూటా, 1911లో అమెరికా సైన్యం .45 చేపట్టడం చాలామందికి తెలిసినవే. ఇప్పటి తగాదా పుట్టింది మాత్రం 1986 ఏప్రిల్ 11న, మయామీలో.

ఇద్దరు దోపిడీ దొంగలను ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు అడ్డగించారు. కాల్పుల మొదట్లోనే 115 గ్రెయిన్ల (7.45 గ్రాముల) 9 ఎంఎం తూటా ఒకడి కుడి చేతిని దాటి ఛాతీలో దిగింది. ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు సుమారు అంగుళం ఇవతల ఆగింది. ప్రాణాంతకమైన గాయమే, అయినా వాడు కూలలేదు, రైఫిల్‌తో కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు.

అది హాలో పాయింట్: మొనలో గుంత ఉంటుంది, ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. విచ్చుకుంటే గాయం వెడల్పవుతుంది, తూటాకు బ్రేకూ పడుతుంది. తొందరగా విచ్చుకునేలా చేసిన తేలికపాటి తూటాకు చేయి దాటాక లోతు మిగల్లేదు. లోపం తయారీలో ఉంది, తూటా అడ్డుకొలతలో కాదు.

ఎఫ్‌బీఐ ఆ తర్వాత చేసిన మంచి పని పరీక్ష పెట్టడం. ఒంటి మాంసానికి బదులు వాడే 10 శాతం జెలటిన్ దిమ్మెలో తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. దిమ్మె ముందు మందపాటి బట్ట, ఇనుప రేకు, జిప్సం బోర్డు, ప్లైవుడ్, కారు అద్దం పెట్టి కాలుస్తారు. జిప్సం పొడి గుంతలో కూరుకుంటే తూటా విచ్చుకోకుండా దూసుకుపోతుంది. కారు అద్దానికి తగిలితే రాగి తొడుగు సీసం నుంచి ఊడిపోవచ్చు.

పరీక్షతో పాటే సైజూ పెంచారు. 10 ఎంఎం తెచ్చి, పూర్తి తుపాకి మందుతో చేతికి ఆగకపోవడంతో మందు తగ్గించారు. మందు తగ్గాక మందు పట్టే గొట్టం (కేసు) అంత పొడవు దేనికని 25.2 మి.మీ. నుంచి 21.6కు కుదిస్తే, అదే 1990 నాటి .40.

పెద్ద తూటా విచ్చుకోకపోయినా 11.5 మి.మీ. రంధ్రం చేస్తుంది, 9 ఎంఎంది 9 మి.మీ.యే అంటారు .45 పక్షం వారు. నిజమే. మిగతా లెక్క కూడా చూడాలి. 8 గ్రాముల 9 ఎంఎం సెకనుకు 350 మీటర్లతో వెళితే శక్తి సుమారు 490 జౌళ్లు. 14.9 గ్రాముల .45 సెకనుకు 255 మీటర్లతో వెళితే దాదాపు 485. శక్తి సమానమే, కానీ చేతిని తన్నే ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం, కిలో·మీటర్/సెకను) 2.8 నుంచి 3.8కి పెరుగుతుంది. రెండో గుండు గురి కుదిరేది ఆలస్యంగా. .40కి అది 3.5, ఒకే సైజు గ్లాక్ పిస్టల్ మ్యాగజైన్‌లో 17 బదులు 15 గుళ్లే పడతాయి.

క్యాలిబర్ (తూటా అడ్డుకొలత) ఒక్కటే చూస్తే .380 అనే పొట్టి తూటా కూడా 9 ఎంఎం వ్యాసమే, శక్తి మాత్రం సుమారు సగం.

తొడుగు ఊడకుండా సీసానికి అతికించిన కొత్త 9 ఎంఎం తూటాలు అదే పరీక్షలో నెగ్గాయి. వాటితో ఎక్కువమంది వేగంగా, సూటిగా కాల్చగలిగారని 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం రాసింది. తర్వాత సంస్థ 9 ఎంఎంకే తిరిగొచ్చింది.

ఇప్పుడు వాదించేవారు బ్యారెల్ పొడవూ చూడాలి. పెట్టె మీది 9 ఎంఎం వేగం సాధారణంగా 4 అంగుళాల బ్యారెల్‌ది. 3 అంగుళాల పిస్టల్‌లో అది తగ్గుతుంది, అప్పుడూ మొన విచ్చుకుంటుందో లేదో ఆ పిస్టల్‌తోనే జెలటిన్‌లో కాల్చి తేల్చాలి.